బల్ల మీదుగా పోని జోడు

ఆసుపత్రి వెనక వైపు, బట్టలుతికే గదికీ మందుల గోడౌనుకీ మధ్య ఇరుకున ఒక పొడుగాటి గది ఉంది. దాన్ని అందరూ చెప్పుల గది అంటారు. షుగరు వ్యాధితో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి అక్కడ కొలతలు తీసి జోళ్లు చేస్తారు. చెప్పు కరిస్తే మామూలు మనిషి అబ్బా అని విప్పి అవతల పారేస్తాడు. వీళ్లకి చెప్పు కరిచినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రబడినప్పుడు తెలుస్తుంది. అందుకని ఆ గదిలో పని నిదానంగా సాగుతుంది. సాగాలి మరి.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ జోళ్లు చేసే మేస్త్రికి మాత్రం తొందరగా ఉంది. మర్నాడు చర్చిలో ఆయన ప్రసంగం. ప్రేమ గురించి వరసగా నాలుగు ఆదివారాలు మాట్లాడమని పాస్టరు గారు అప్పజెప్పారు. మర్నాటిది రెండోది. మొదటిది విని నలుగురు కళ్లు తుడుచుకున్నారు. ఎంతమంది తుడుచుకున్నారో తాను చూడలేదని మేస్త్రి ఇంట్లో చెప్పాడు గానీ, నలుగురన్న సంగతి ఆయనకి ఖాయంగా తెలుసు. చెప్పుల గదిలో ఆయన్ని వెనకాల ప్రసంగాలయ్య అంటారు. అదీ తెలుసు. దానికి బాధపడడు సరికదా, లోలోపల కాస్త సంతోషపడతాడు కూడా.

పని మాత్రం వచ్చినవాడు. పాదం ఆకారంలో ఉండే కర్ర అచ్చు మీద తోలు పరిచి, పటకారుతో అంచు పట్టి లాగి, కిందికి మడిచి, జిగురు ఆరేదాకా కదలకుండా సన్న మేకులు కొడతారు. ఒక్కో కాలికి ఆరు మేకులు. జిగురు ఆరాక ఆరూ పీకి రేకు డబ్బాలో వెయ్యాలి. వేసి, గదిలో అందరికీ వినబడేలా "ఆరూ వచ్చాయి" అనాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ అది ఆ గది కట్టుబాటు. ఆ మాట అన్నాకే కింది అడుగు అంటిస్తారు.

మేస్త్రి కుడి కాలి మేకులు పీకుతూ ఒక ఉదాహరణ కోసం వెతుక్కుంటున్నాడు. ప్రేమ మాటల్లో కాదు, చేతల్లో కనబడాలి అని చెప్పడానికి గుండెకి తగిలే ఉదాహరణ కావాలి. ఒక మేకు పీకాడు. రెండోది పీకాడు. ఒక తల్లి కథ తట్టింది, కానీ అది పోయిన ఏడాది చెప్పేశాడు. ఒక ఖైదీ కథ ఉంది, దానికి ముగింపు సరిగ్గా గుర్తు రావడం లేదు. డబ్బాలో మేకులు టంగుమంటున్నాయి. "ఆరూ వచ్చాయి" అన్నాడు. అలవాటుపడ్డ నోరు, దాని పని అది చేసేసింది. డబ్బాలో పడినవి ఐదు.

కింది అడుగు అంటించి, బిగించి, ఆరాక అచ్చు లాగాడు. లాగేటప్పుడు కాస్త పట్టినట్టయింది. కొత్త తోలు కదా అనుకుని లోపల మెత్తటి రబ్బరు పరిచేశాడు.

ఆ జోడు కోసం గుమ్మం దగ్గర బెంచీ మీద ఒక పాత కండక్టరు కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం మానేసి ఎన్నాళ్లయినా ఇంకా సంచీ చంకలోనే పెట్టుకుంటాడు. "మేస్త్రి గారూ, నా బస్సు నాలుగింటికండీ. ముప్ఫై ఏళ్లు నేను ఆగమంటే ఆగిన బస్సులు ఇప్పుడు నాకోసం అర నిమిషం ఆగవు" అన్నాడు.

"అయిపోయిందండీ, ఇదిగో."

అయిపోలేదు. కిటికీ పక్కన పాత బల్ల ఒకటి ఉంది. ఏ జోడైనా ఆ బల్ల మీదుగా పోవాల్సిందే. అక్కడ కూర్చునే ఆవిణ్ణి అందరూ బల్లక్క అంటారు, వయసులో పెద్దవాళ్లు కూడా. ఆవిడ జోడులోకి చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, మడమ దగ్గర్నుంచి వేళ్ల కొస దాకా తడుముతుంది. వేళ్లతో నొక్కుతుంది. దారం ముడి తగిలినా జోడు వెనక్కే. బాగుందనుకుంటే పైపట్టీ లోపలి వైపున నీలం పెన్సిలుతో చిన్న గీత పెడుతుంది. ఆ గీత లేనిదే జోడు గడప దాటదు.

ఆ వేళకి బల్లక్క బల్ల దగ్గర లేదు. ఆడవాళ్ల వార్డులో ఒక ముసలావిడకి కొత్త జోడు తొడిగి నాలుగడుగులు నడిపించడానికి వెళ్లింది. మేస్త్రి గుమ్మం వైపు చూశాడు. గోడ గడియారం చూశాడు. కండక్టరు నిలబడి సంచీ సర్దుకుంటున్నాడు. మేస్త్రి బల్ల దగ్గరికి నడిచి, దారానికి వేలాడుతున్న నీలం పెన్సిలు అందుకుని, రెండు పట్టీల లోపలా రెండు గీతలు పెట్టాడు. ఆవిడ వచ్చాక చెప్దాంలే అనుకున్నాడు. ఆవిడ వచ్చేసరికి ఆయన ఇంటికెళ్లిపోయాడు. సోమవారం నాటికి ఆ సంగతే మరిచిపోయాడు.

*

గురువారం పొద్దున్న కండక్టర్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి మగవాళ్ల వార్డులో చేర్చుకున్నారు. ఆయన కుడి జోడు మాత్రం ఒక తెల్ల గుడ్డలో చుట్టి చెప్పుల గదికి వచ్చింది. గది ఇన్‌ఛార్జి దాన్ని బల్ల మీద విప్పాడు. లోపలి మెత్తటి రబ్బరు నెత్తురెండి నల్లగా గట్టిపడి ఉంది. చిటికెన వేలు కింద పడే చోట మేకు మొన పైకి చూస్తోంది, పెసరగింజంత.

గదిలో కుట్టు మిషను ఆగింది. దూరంగా తన పీట మీద నుంచి మేస్త్రి ఆ జోడుని చూశాడు. తోలు రంగు చూడగానే ఎవరిదో తెలిసింది. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం మొత్తం కళ్ల ముందుకొచ్చింది. అచ్చు లాగేటప్పుడు పట్టినట్టయిన ఆ చిన్న పట్టు కూడా చేతికి మళ్లీ తెలిసింది.

"ఐదు రోజులు దీని మీద నడిచాడమ్మా ఆ మనిషి" అన్నాడు ఇన్‌ఛార్జి, బల్లక్కతో. "ఐదు రోజులు. కూరగాయలకెళ్లాడు, చర్చికెళ్లాడు, మనవరాల్ని బడిలో దింపాడు. వేలు ఉంటుందో పోతుందో తెలీదంటున్నారు. మేకు మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది, అచ్చుల దగ్గర అది మామూలే. దాన్ని పట్టుకోవడానికే కదా నువ్విక్కడున్నది?"

మేకు మర్చిపోవడం మామూలేనట. మేస్త్రికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. అలా ఉన్నందుకు ఆ క్షణంలోనే సిగ్గేసింది, కానీ ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడింది.

ఇన్‌ఛార్జి పైపట్టీ వెనక్కి తిప్పి చూపించాడు. "ఈ గీత ఉందా లేదా?"

బల్లక్క జోడు చేతిలోకి తీసుకుంది. గీత వైపు చూసింది. తర్వాత లోపలికి చెయ్యి పెట్టింది, అలవాటుగా కళ్లు మూసుకుంది. వేళ్లు మేకు దాకా వెళ్లి ఆగాయి. కళ్లు తెరిచి ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. కానీ తల ఎత్తబోయి, మేస్త్రి పీట ఉన్న వైపు రాబోయిన చూపుని మధ్యలోనే దించేసుకుంది. అది ఆయన చూశాడు. ఆవిడకి తెలిసిపోయిందని అప్పుడే అర్థమైంది.

"ఉందండి" అంది బల్లక్క.

"మరి?"

"గీత ఉందండి."

"అదే అడుగుతున్నాను. చూడకుండానే పెట్టావా? చూసి కూడా తెలీలేదా?"

ఆవిడ జోడుని గుడ్డలో పెట్టి, అంచులు మడిచి, చంటిపిల్లని చుట్టినట్టు జాగ్రత్తగా చుట్టింది. మేస్త్రి పటకారు పట్టుకుని ఉన్నాడు. లేచి రెండు మాటలు చెప్తే సరిపోయేది. రెండంటే రెండే. ఆయన గంటసేపు ఆపకుండా మాట్లాడగలడు, మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వినిపించగలడు. ఆ రెండు మాటలకి మాత్రం పీట మీంచి లేవలేదు. ఇప్పుడు కాదు, ఇన్‌ఛార్జి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్దాం అనుకున్నాడు. ఆ రోజు ఇన్‌ఛార్జి మూడుసార్లు ఒంటరిగా దొరికాడు.

సాయంత్రానికి మాట తేలింది. సోమవారం పదింటికి బల్లక్క పెద్ద డాక్టరు గారి ముందు హాజరు కావాలి. ఉద్యోగం ఉంచుతారా తీసేస్తారా అన్నది అక్కడే. అప్పటిదాకా బల్ల ముట్టుకోకూడదు, పాదాల అచ్చులు పోసే ప్లాస్టరు తొట్లు కడగాలి. ఇంట్లో ఆవిడా, మంచం మీది అత్తగారూ ఇద్దరే. ఆ జీతం తప్ప వాళ్లకి మరో ఆధారం లేదని గదిలో అందరికీ తెలుసు. కుట్టు మిషనాయన తల అడ్డంగా ఊపి, "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అన్నాడు. మేస్త్రి కూడా "పాపం" అన్నాడు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఇంటికెళ్లాక అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భార్య అడిగింది. "ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"తలనొప్పి."

"ఆదివారం మాటల గురించి ఆలోచించీ ఆలోచించీ వస్తుంది మీకు" అంది ఆవిడ ప్రేమగా. "ఈసారి కాస్త చిన్నది చెప్పండి."

*

శుక్రవారం మధ్యాహ్నం బల్లక్క తన టిఫిను డబ్బా తెరవకుండానే, చేతులకి అంటిన ప్లాస్టరు కడుక్కుని ఎటో వెళ్లడం మేస్త్రి చూశాడు. పెద్ద డాక్టరు కాళ్లు పట్టుకోవడానికేమో అనుకున్నాడు. ఆవిడ ఏం చెప్తుందో తెలుసుకోవాలనిపించింది. కాదు, తన పేరు చెప్తుందేమో తెలుసుకోవాలనిపించింది. వెనకాలే నడిచాడు.

ఆవిడ మగవాళ్ల వార్డుకి వెళ్లింది. మేస్త్రి గుమ్మం పక్కన, మందుల బండి చాటున నిలబడ్డాడు.

కండక్టరు కుడికాలికి కట్టు కట్టి దిండు మీద ఎత్తి పెట్టారు. పుండు సంగతి నర్సు చూసుకుంటుంది. బల్లక్క నేల మీద బేసిను పెట్టి, ఎడమ కాలు కిందికి దించి కడుగుతోంది. ఇక ఆ మనిషి బరువంతా ఆ ఒక్క కాలి మీదే. దానికీ స్పర్శ లేదు. దాన్ని ఎవరూ చూడకపోతే అదీ పోతుంది. ఆవిడ ఒక్కో వేలు విడదీసి సందులో చూస్తోంది, అరికాలు నొక్కి చూస్తోంది.

"ఏం చూస్తావమ్మా ఇప్పుడు?" కండక్టరు గొంతు వార్డంతా వినబడుతోంది. "చూడాల్సినప్పుడు చూడలేదు కదా. గీత గీసి పారేశావు. ముప్ఫై ఏళ్లు నేను ఒక్క టికెట్టు చూడకుండా చింపలేదు తెలుసా? బస్సులో కాలు పెట్టే చోటు లేకపోయినా, ప్రతి మనిషి దగ్గరికీ పోయి చూసి చింపాను. జీతం తీసుకుంటున్నాను కాబట్టి. నువ్వు దేనికి తీసుకుంటున్నావు?"

"కాలు కాస్త ఇటు తిప్పండి" అంది బల్లక్క.

"సిగ్గుండాలి మనిషికి."

"ఇటు తిప్పండి. మడమ పగిలింది, ఇక్కడ మందు రాయాలి."

పక్క మంచాలవాళ్లు వింటున్నారు. ఒకాయన దుప్పటి తీసి మరీ వింటున్నాడు. బల్లక్క తల వంచుకుని మడమకి మందు రాసి, బేసిను ఎత్తుకుని బయటికొచ్చింది. మేస్త్రి గోడకి అతుక్కుపోయాడు. ఆవిడ ఆయన ముందు నుంచే వెళ్లింది. చూసిందో లేదో. నీళ్లు పారబోసి, బేసిను బోర్లించి, తొట్ల దగ్గరికెళ్లి మళ్లీ బ్రష్షు అందుకుంది.

శనివారం పొద్దున్న కండక్టరు చిటికెన వేలు తీసేశారు.

ఆ కబురు చెప్పుల గదికి రాగానే మేస్త్రి బాత్రూములోకెళ్లి తలుపేసుకున్నాడు. ఏడుద్దామనుకుంటే ఏడుపు రాలేదు. ప్రార్థన చేద్దామనుకున్నాడు. మొదలుపెట్టేసరికి చక్కటి మాటలు వాటంతట అవే వరసలో వచ్చి నిలబడ్డాయి, ఎవరో వింటున్నట్టు. అసహ్యమేసి ఆపేశాడు. బయటికొచ్చి చూస్తే బల్లక్క అప్పటికే లేదు. ఆ మధ్యాహ్నం ఆయన వార్డు వైపు వెళ్లలేదు. వెళ్లడానికి ధైర్యం చాల్లేదు.

సాయంత్రం భార్య చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, కుర్చీలో కూర్చుని మర్నాటి ప్రసంగం వినిపించాడు. ఎప్పుడూ అలాగే వినిపిస్తాడు. ఈసారి ముందు రాసుకున్నది పక్కన పెట్టి, కొత్తది చెప్పాడు. ఒక పనివాడున్నాడు. వాడు చేసిన తప్పు ఇంకొకరి మీద పడింది. వాడు నోరు మూసుకున్నాడు. పెదవులతో దేవుణ్ణి ప్రేమిస్తూ, పక్క మనిషి నలిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ పనివాడు ఎక్కడో లేడు, ఇక్కడే మన మధ్యనే ఉన్నాడు. చెప్తుంటే ఆయన గొంతు నిజంగానే వణికింది.

భార్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నది. "ఇది చాలా బాగుందండి. ఎవరి కథ?"

మేస్త్రి ఆవిడ వైపు చూశాడు. నాది అనడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆవిడ తిట్టే మనిషి కాదు.

"ఎక్కడో చదివాను" అన్నాడు.

*

ఆదివారం ఆ ప్రసంగం చెప్పాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "ఆ పనివాడు మన మధ్యనే ఉన్నాడు" అన్నచోట చర్చిలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఎవరి తప్పు వాళ్లకి గుర్తొచ్చింది కాబోలు, ముందు బెంచీల్లో ముక్కులు చీదుకున్నారు. "బహుశా ఆ పనివాడు నేనే కావచ్చు" అన్నాడు మేస్త్రి చివర్లో, చెయ్యి గుండె మీద పెట్టుకుని. అది విని ఇంకా ఎక్కువమంది కరిగిపోయారు. ఇంత మంచాయన తనను తాను ఇలా తగ్గించుకుంటున్నాడే అని.

కిందికి దిగేసరికి పాస్టరు గారు రెండు చేతులూ పట్టుకున్నారు. "దీన్ని మించింది వచ్చే వారం ఏం చెప్తారో" అన్నారు. ఎవరో భుజం తట్టారు. ఒప్పేసుకున్నాను, అందరి ముందూ ఒప్పేసుకున్నాను అనుకున్నాడు మేస్త్రి. మూడు రోజుల్లో మొదటిసారి ఆకలి వేసింది.

అందరూ వెళ్తుంటే వెనక వైపు బల్లక్క కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది. ప్రతి ఆదివారం ఆవిడే పేరుస్తుంది, ఆ పని ఎవరూ అప్పజెప్పింది కాదు. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పమని ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. మేస్త్రి ఆవిడ పక్కనుంచే పోవాలి. వేరే దారి లేదు.

"మేస్త్రి గారూ" అంది.

ఆయన ఆగాడు. ప్రసంగం గురించి అంటుందనుకున్నాడు. నిజం చెప్పాలంటే, అంటే బాగుండుననుకున్నాడు. మీరు చెప్పింది నాకర్థమైంది, ఇంక చాలండి అంటుందని ఎక్కడో ఆశ.

"రేపు పదింటికి నేను పెద్ద డాక్టరు గారి దగ్గరికెళ్లాలి కదండీ. ఎంతసేపు పడుతుందో. వేలు తీసినప్పట్నుంచీ కండక్టరు గారికి పదింటికే కాలు కడగమన్నారు, ఆ టైము తప్పిపోతుంది. మీరు కాస్త చూస్తారా? ఎడమ కాలొక్కటే. నీళ్లు వేడిగా ఉండకూడదు."

"అలాగే" అన్నాడు మేస్త్రి.

"బేసిను కిటికీ కింద బోర్లించి ఉంటుంది."

అంతే. ఆవిడ మళ్లీ కుర్చీల వైపు తిరిగింది. దగ్గరగా చూస్తే ఆవిడ చేతులు ప్లాస్టరుకి తెల్లగా పాలిపోయి, వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి. మెత్తటి రబ్బరు కింద మేకు మొనని కూడా పట్టుకోవాల్సిన వేళ్లు అవి. మేస్త్రికి అంతసేపూ వచ్చిన మెప్పంతా మొహాన ఉమ్మినట్టనిపించింది. బయట భార్య ఎదురుచూస్తోంది, నలుగురు ఆడవాళ్లు ఆవిడ చుట్టూ చేరి మీ ఆయన ఎంత బాగా చెప్పారో అంటున్నారు. ఆయన తల దించుకుని గేటు దాటాడు. అది కూడా వినయమే అనుకున్నారు వాళ్లు.

*

సోమవారం పదికి పది నిమిషాలుండగా మేస్త్రి పెద్ద డాక్టరు గది ముందున్నాడు. రాత్రంతా ఒక సంగతి ఆయన్ని ఊరించింది. బల్లక్క చెప్పిన పని చేస్తే సరిపోదా? పదింటికి వార్డులో ఉండమని ఆవిడే అడిగింది కదా. వార్డులో మోకాళ్ల మీద కూర్చుని కాలు కడుగుతున్నవాణ్ణి ఎవరు తప్పుపడతారు? పొద్దున్నే వార్డు మెట్ల దాకా వెళ్లాడు కూడా. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసి, ఇటొచ్చాడు.

బల్లక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర, తడి ఆరని జుట్టు. ఆయన్ని చూసి లేవబోయింది. మేస్త్రి వద్దని చెయ్యి ఊపి, తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. ఇన్‌ఛార్జి కూడా అక్కడే ఉన్నాడు.

"మిమ్మల్ని పిలవలేదే" అన్నాడు పెద్ద డాక్టరు.

"లేదండి. మనిషన్నవాడు బలహీనుడండి. ఎంత తెలిసినా..."

"విషయం చెప్పండి. బయట ఆవిడ కూర్చుంది."

మేస్త్రి నోట్లో సిద్ధంగా ఉన్నవన్నీ అక్కడే ఆగిపోయాయి. ఎదురుగా టేబులు మీద గుడ్డలో జోడు ఉంది.

"ఆ జోడు ఆవిడ చూడలేదండి. మేకు వదిలేసింది నేను. ఆ గీత కూడా నేనే పెట్టాను."

డాక్టరు కళ్లజోడు తీసి ఆయన వైపే చూశాడు. ఎందుకిన్నాళ్లు ఆగారు అని అడిగాడు. మేస్త్రి టేబులు మీది గుడ్డ వైపే చూశాడు. బల్లక్కని లోపలికి పిలిచారు.

"ఈ జోడు నీ దగ్గరికి రాలేదని నీకు తెలుసా?"

"తెలుసండి. నా చేతి కింద నుంచి పోయిన జోడు నాకు గుర్తుంటుంది."

"మరి గురువారమే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు ఇన్‌ఛార్జి. ఆయన గొంతులో కోపం ఉంది, అది ఎవరి మీదో ఆయనకే తెలియనట్టుంది.

బల్లక్క చెంగు కొస వేలికి చుట్టుకుంది. "ఆయన చెప్తారని చూశానండి."

డాక్టరు ఎక్కువసేపు తీసుకోలేదు. బల్లక్క ఇప్పుడే బల్ల దగ్గరికి వెళ్లాలి. మేస్త్రి అచ్చులు ముట్టుకోకూడదు, తొట్ల దగ్గర పనిచెయ్యాలి, మిగతాది కాయితం మీద వస్తుంది. మేస్త్రికి ఆ మాటలు దూరం నుంచి వినబడ్డట్టు వినబడ్డాయి. ముప్ఫై ఏళ్ల పీట పోయింది. చర్చిలో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది, ఇన్‌ఛార్జి భార్య ముందు బెంచీలోనే కూర్చుంటుంది.

వరండాలో ఇద్దరూ కొంతదూరం పక్కపక్కనే నడిచారు.

"నేను చెప్పకపోతే?" అన్నాడు మేస్త్రి. "ఈ రోజు నీ ఉద్యోగం పోయేది. అత్తగారి గతేంటి?"

"భయం లేదని కాదండి. రెండు రోజులుగా అన్నం దిగలేదు." ఆవిడ నడుస్తూనే తడి జుట్టు ముడేసుకుంది. "నేను చెప్తే మీరు దొరికిపోయినట్టయ్యేది. అందుకని ఆగాను. నిన్న మీరు దగ్గరిదాకా వచ్చారు కూడా."

మేస్త్రి నడక ఆగిపోయింది. తన ప్రసంగాన్ని విన్న అన్ని వందలమందిలో దాన్ని సరిగ్గా కొలిచిన మనిషి ఈవిడొక్కతే. దగ్గరిదాకా వచ్చి ఆగిపోయారు అని నిష్ఠూరంగా అన్నా బాగుండేది. ఆవిడ మామూలుగా అంది, బస్సు తప్పిపోయినవాడికి ఇంకో బస్సుందిలే అన్నట్టు.

"నీళ్లు చూసుకోండి" అని చెప్పి బల్లక్క చెప్పుల గది వైపు మలుపు తిరిగింది.

కిటికీ కింద బేసిను బోర్లించే ఉంది. మేస్త్రి నీళ్లు పట్టి, కెటిలులోంచి వేడినీళ్లు కలిపి, మంచం దగ్గర పెట్టాడు. కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఆవిడేదీ?"

"పని ఉందండి. నన్ను చూడమంది." మేస్త్రి ఎడమ కాలు పట్టుకుని బేసినులోకి దించబోయాడు.

"ఆగండాగండి. ముందు మీ మోచెయ్యి పెట్టి చూడండి. నా కాలికేం తెలుసు, ఉడికిపోయినా మాట్లాడదు."

మేస్త్రి మోచెయ్యి పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. చల్లనీళ్లు తెచ్చి పోశాడు, మళ్లీ చూశాడు, ఇంకా పోశాడు. మోకాళ్లు పటుక్కుమంటుంటే నేల మీద కూర్చుని కాలు కడగడం మొదలుపెట్టాడు. వేల పాదాలకి కొలతలు తీసిన మనిషి, ఒక్కదాన్నీ ఎప్పుడూ కడగలేదు. పై నుంచి కండక్టరు చెప్తూనే ఉన్నాడు, సబ్బు కొంచెమే, రుద్దకండి, సందుల్లో చూడండి అని. ఆవిడ చేస్తుంటే చూసి నేర్చుకున్నట్టుంది.

"ఆ జోడు ఆవిడ చూడలేదండి" అన్నాడు మేస్త్రి, నీళ్లలోకే చూస్తూ. "మేకు నేనే వదిలేశాను. బస్సుకి టైమైందని, ఆవిడ లేనప్పుడు గీత కూడా నేనే పెట్టి మీకిచ్చాను. ఆవిడకేం సంబంధం లేదు."

మేస్త్రి తల వంచుకుని, వార్డంతా వినబడే ఆ గొంతు కోసం ఎదురుచూశాడు. తిట్టాలి. పదిమందీ వినాలి. దుప్పటి తీసి మరీ వినాలి. అది జరిగితే తప్ప ఇంటికెళ్లి అన్నం తినలేననిపించింది.

"నాలుగు రోజులు" అన్నాడు కండక్టరు చివరికి. గొంతు లేవడం లేదు. "నాలుగు రోజులు తిట్టానండీ ఆవిణ్ణి. వేలు తీసేసిన రోజైతే మనిషి అనకూడని మాట అన్నాను. నీకు చేతులు లేకపోయినా బాగుండేదన్నాను. అప్పుడైనా కాదని ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. తువ్వాలు తీసుకుని నా వేళ్ల సందులు తుడుస్తూ కూర్చుంది."

మేస్త్రి చేతులు నీళ్లలో ఆగిపోయాయి.

"ఇప్పుడు మీరొచ్చి నేనండీ అంటున్నారు. మిమ్మల్నేమనమంటారు? నా దగ్గర ఏం మిగిలిందని?" కండక్టరు కళ్లు తుడుచుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఉన్న తిట్లన్నీ అయిపోయాయి. మీకు రావాల్సినవి కూడా ఆవిడే తినేసింది."

మేస్త్రి కాలు బేసినులోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తడి ఉండకూడదంట" అన్నాడు కండక్టరు, అటు తిరిగే. "సందుల్లో బాగా తుడవండి."

మేస్త్రి తువ్వాలు అందుకున్నాడు.